నర్సు విద్యలో సత్యనిష్ఠ



ఆసుపత్రిలో ఆప్తులను చూడబోయిన ప్రతివారును మంచము కాళ్ళవైపున వ్రేలాడుచుండు ఒక అట్టను చూచియే యుందురు. దానికి తగిలించిన కాగితముమీద జ్వరము, నాడి, శ్వాస, రక్తపుపోటు వేళవేళకు వరుసగా వ్రాసియుండును. వార్డులో దానిని టీపీఆర్ చార్టు అందురు. మనము దానివైపు ఒకసారి చూచి, అర్థము కాక, రోగి ముఖమువైపు మరలుదుము. డాక్టరు మాత్రము ముందుగా ఆ కాగితమునే చూచును. డాక్టరు రోగియొద్ద నిలుచునది కొన్ని నిమిషములు. రేయింబవళ్ళు రోగిని కనిపెట్టియుండునది నర్సు. డాక్టరు లేని వేళల రోగికి ఏమి జరిగినదో చెప్పు సాక్షి ఆ కాగితమే. ఆ సాక్షి అబద్ధమాడినచో వైద్యుని పాండిత్యమంతయు దారి తప్పును.

ఈనాటి మా ప్రసంగము ఆ కాగితముమీద వ్రాయు చేతిని గూర్చినది. ఆ చేయి ఎక్కడ, ఎట్లు తయారగుచున్నదను విషయమును గూర్చినది. మన తెలుగునాట ఎందఱో బాలికలు, ఇప్పుడు బాలురును, ఏటేట నర్సు విద్యలో చేరుచున్నారు. కొందఱు మూడేండ్ల జనరల్ నర్సింగ్ చదువుదురు. కొందఱు నాలుగేండ్ల బి.ఎస్‌సి. నర్సింగ్ చదువుదురు. వారి చదువులో నిజాయితీ యనగా నేమి? ఇతర విద్యలలో కంటె ఇక్కడ దాని అవసరము ఎందువలన ఎక్కువ? ఈ రెండు ప్రశ్నలను కొంచెము విచారింతము.

శ్వాసనే ఉదాహరణముగా తీసికొందము. జ్వరమునకు థర్మామీటరు కలదు. రక్తపుపోటుకు యంత్రము కలదు. నాడి వేగమును, రక్తములోని ప్రాణవాయువును వ్రేలికి తగిలించు చిన్న పనిముట్టు క్షణములో చూపును. మన సాధారణ వార్డులలో శ్వాసను లెక్కించుటకు మాత్రము గడియారమును, కన్నులును తప్ప వేఱు సాధనము అరుదు. రోగి ఱొమ్ము ఎన్నిసార్లు లేచి పడుచున్నదో ఒక నిండు నిమిషము నిలిచి చూడవలెను. లెక్కించుచున్న సంగతి రోగికి తెలియరాదు. తెలిసినచో శ్వాస తీరు మాఱిపోవును. అందుచేత నాడి చూచుచున్నట్లు చేయి పట్టుకొనియే శ్వాసను లెక్కింపుమని పాఠములో చెప్పుదురు. పెద్దవారిలో నిమిషమునకు 12 మొదలు 20 వఱకు సహజము.

ముప్పదిమంది రోగులున్న వార్డులో ఈ ఒక్క పనికే అరగంట పట్టును. డ్యూటీలో ఉన్న సిస్టరు ఒక్కతె. సెలైనులు మార్చవలెను, మందులు ఇయ్యవలెను, క్రొత్తగా వచ్చినవారిని చేర్చుకొనవలెను. కనుక ఏమి జరుగుచున్నది? లెక్కింపకయే ఒకరికి 18, మఱియొకరికి 20 వేయుట జరుగుచున్నది. ఇది మన దేశమునకు మాత్రమే చెందిన దోషము కాదు. శ్వాసగణనము ఉపేక్షకు గుఱియైనదని 2008లో ఆస్ట్రేలియా వైద్యపత్రికలో ఒక వ్యాసము వెలువడినది. నిమిషమునకు 24 దాటిన రోగిని మిక్కిలి జాగ్రత్తతో కనిపెట్టవలెనని వైద్యులు చెప్పుదురు. న్యుమోనియాలోను, శరీరమంతట చీముదోషము వ్యాపించునపుడును, తక్కిన లక్షణములు స్పష్టపడకమునుపే తఱచుగా శ్వాసవేగము హెచ్చును.

ఇప్పుడు ఒక రోగిని ఊహింతము. రాత్రి పది గంటలకు అతని శ్వాస 22, రెండు గంటలకు 26, నాలుగు గంటలకు 30. చార్టులో మాత్రము మూడుచోట్లను 18 అని యున్నది. తెల్లవాఱి వచ్చిన డాక్టరు ఆ వరుసను చూచి, రాత్రి నెమ్మదిగా గడచినదని అనుకొనును. ఆ అంకె వేసిన చేయి క్రూరమైనది కాదు. ఎవరికిని కీడు తలపెట్టలేదు. కాని ఆ రోగికి దక్కవలసిన ఆఱు గంటలను ఆ అంకె అపహరించినది.

ఈ అలవాటు ఉద్యోగములో చేరిన నాడు పుట్టినది కాదు. దీని మొలక విద్యార్థి దశలోనే కనబడును. నర్సింగ్ పాఠశాలలో చేరిన ప్రతి విద్యార్థినియు రికార్డులు వ్రాయవలెను. ఒక రోగిని తీసికొని, అతని వ్యాధిచరిత్రను అడిగి తెలిసికొని, అతని బాధలు ఏవి, వానికి ఏమి సేవ చేయవలెను, చేసిన తరువాత ఏమి ఫలము కనబడినది అని వరుసగా వ్రాయవలెను. ప్రసూతి విద్యలోనైతే తాను పరీక్షించిన గర్భవతులను, తన చేతులమీదుగా జరిగిన కాన్పులను, తాను సేవచేసిన బాలింతలను కేసుపుస్తకములో చేర్చి పైవారి సంతకము తీసికొనవలెను. ఇన్ని కేసులు పూర్తికావలెనను నియమము కలదు.

ఈ పుస్తకములు ఎట్లు తయారగుచున్నవో హాస్టలు గదులను ఎఱిగినవారికి చెప్పనక్కఱలేదు. పైతరగతి విద్యార్థిని రికార్డు చేతికి వచ్చును. రోగి పేరు మాఱును, వయస్సు మాఱును. తక్కినదంతయు అక్షరము పోకుండ క్రొత్త పుస్తకములోనికి దిగును. గదిలో ఒక మూల నిలిచి తోటివారి భుజములమీదుగా చూచిన కాన్పు, తానే స్వయముగా చేసిన కాన్పుగా నమోదగును. రేపు పుస్తకము చూపవలెనన్న రాత్రి నలుగురు కూర్చుండి, నలుబది పుటలు పూర్తిచేయుదురు. దస్తూరి ముత్యములవలె నుండును. బొమ్మలకు రంగులు కూడ వేయుదురు. సంతకము పడును.

ఇందులో తప్పు పూర్తిగా విద్యార్థినులది యనుట న్యాయము కాదు. కొన్ని పాఠశాలలకు తగినన్ని పడకలు గల ఆసుపత్రి లేదు. ఒక కాన్పు చుట్టును పదిమంది విద్యార్థినులు నిలుచుచో అందులో తొమ్మిదిమంది చూచువారే యగుదురు. అయినను పదిమంది పుస్తకములును నిండవలెను. పాఠశాలయే అసాధ్యమైన నియమమును విధించి, అబద్ధమైన పుస్తకమును చూచి సంతోషించినచో, ఆ పిల్ల నేర్చుకొను మొదటి పాఠమేది? చేయకపోయినను వ్రాయవచ్చును, వ్రాసినచో చేసినట్లే. ఈ పాఠము ఏ సిలబసులోను లేదు. కాని ఒకసారి వంటబట్టినచో దానిని మఱపించుట కష్టము.

దీని ఫలము వెంటనే తెలియదు. మూడేండ్లు గడచును. ఆమె ఒక చిన్న ఊరి ఆరోగ్యకేంద్రములో రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండును. కాన్పు అయినది, బిడ్డ ఏడ్చినది, ఇంటివారు సంతోషముతో నున్నారు. కాని తల్లికి రక్తస్రావము ఆగుటలేదు. కాన్పు తరువాత అరలీటరు, అంతకు మించి రక్తము పోవుట అపాయమునకు గుర్తు. గర్భాశయము గట్టిపడినదా మెత్తగా నున్నదా అని పొట్టమీద చేయివేసి గుర్తింపవలెను, మర్దనము చేయవలెను, సూదిమందు ఇయ్యవలెను, పెద్ద ఆసుపత్రికి కబురు పంపవలెను. ఇవన్నియు నిమిషములలో జరుగవలెను. గట్టిపడిన గర్భాశయము చేతికి ఎట్లు తగులునో చేతికే తెలియవలెను. అది ఎంత చక్కని దస్తూరితో వ్రాసినను తెలియదు. ఆ రాత్రి ఆమెకు తోడు వచ్చునవి, నిజముగా చేసిన కాన్పులు మాత్రమే.

పరీక్షలో ఉత్తీర్ణురాలైన తరువాత ఈ పట్టింపులు ఎందుకని కొందఱు అడుగుదురు. అమెరికాలో బయటపడిన ఒక వ్యవహారము దీనికి సమాధానము చెప్పును. 2023 జనవరిలో ఆ దేశపు ప్రభుత్వము ఫ్లారిడా రాష్ట్రములోని మూడు నర్సింగ్ పాఠశాలలకు సంబంధించిన వ్యవహారములో 25 మందిపై నేరారోపణ చేసినట్లు ప్రకటించినది. తగిన చదువు చదువకయే, వార్డులో పని నేర్వకయే, డబ్బిచ్చినవారికి ఆ పాఠశాలల పేర పట్టాలును మార్కుల పత్రములును అమ్మబడినవి. అట్టి పట్టాలు 7,600కు పైగా నున్నవని తేలినది. ఈ దర్యాప్తునకు అధికారులు పెట్టిన పేరు 'ఆపరేషన్ నైటింగేల్'. ఇందులో మనము గమనింపవలసిన విషయమొకటి కలదు. పట్టా కొన్నవారిలో సుమారు 2,400 మంది ప్రభుత్వ లైసెన్సు పరీక్షలో ఉత్తీర్ణులైరి. అనగా ప్రశ్నలకు జవాబులు గుర్తించుట ఒకటి, రోగిప్రక్కన నిలిచి నేర్చుట వేఱొకటి. మొదటిదానిని పరీక్ష కొలువగలదు. రెండవది జరిగినదని నమ్ముటకు పాఠశాల మాటయు, విద్యార్థిని రికార్డును తప్ప ఆధారము లేదు. ఆ రెండును కల్లలైనచో పరీక్ష ఏమి చేయగలదు?

మన దేశమును కూడ చూతము. మధ్యప్రదేశములో నర్సింగ్ కళాశాలలు నిబంధనల ప్రకారము నడచుచున్నవో లేవో తనిఖీ చేయుమని హైకోర్టు సి.బి.ఐ.ని ఆజ్ఞాపించినది. ఆ తనిఖీకి వెళ్ళినవారిలోనే కొందఱు అధికారులు, అనుకూలముగా నివేదిక వ్రాయుటకు లంచము తీసికొనిరను ఆరోపణపై 2024 మే నెలలో అరెస్టు చేయబడిరి. ఇక్కడను జబ్బు అదియే: చూడని దానిని చూచినట్లు వ్రాయుట. విద్యార్థిని చేసినచో దానిని రికార్డు అందుము; పెద్దవారు చేసినచో నివేదిక అందుము. పదిమంది పెద్దలు అట్లు వ్రాయుచుండగా పదునెనిమిదేండ్ల పిల్లను మాత్రమే సత్యవ్రతమునకు నిలుపబూనుట ఎంతవఱకు న్యాయమో పెద్దలు ఆలోచింపవలెను.

ఆధునిక నర్సు విద్యకు పునాది వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ ఈ విషయమున మిక్కిలి నిష్కర్షగా నుండెను. 1854లో ఆమె 38 మంది నర్సులతో క్రిమియా యుద్ధములో గాయపడిన సైనికుల సేవకు వెళ్ళెను. అక్కడి స్కుటారి ఆసుపత్రిలో చనిపోయినవారి లెక్కలు ఒక పుస్తకమునకును మఱియొక పుస్తకమునకును పొసగకుండెను. దీపము పట్టుకొని రాత్రివేళ వార్డులు తిరిగిన ఆమె చిత్రమును మనము ఎఱుగుదుము. కాని ఆమె రెండవ చేతిలో ఎప్పుడును లెక్కల పుస్తకము ఉండెననుకొనుట తప్పు కాదు. యుద్ధానంతరము 1858లో ఆ లెక్కలను సవరించి, చిత్రపటములుగా గీయించి, సైనికులలో ఎక్కువమంది గాయములవలన గాక నివారింపదగిన వ్యాధులవలన చనిపోయిరని ఆమె ప్రభుత్వమునకు నిరూపించెను. లెక్క నిజమైనది కనుకనే ప్రభుత్వము వినవలసి వచ్చెను.

1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సింగ్ పాఠశాల తెఱచిరి. అక్కడ ప్రతి విద్యార్థినిని గూర్చియు నెలనెలకు ఒక పత్రము నింపెడివారు. కట్లు కట్టుట, మందులిచ్చుట మొదలైన పనులలోని నేర్పునకు ఒక భాగము. శీలమునకు వేఱొక భాగము. ఆ రెండవ భాగములో వేళకు వచ్చుట, నెమ్మదితనము, పరిశుభ్రత మొదలైనవానితో పాటు నమ్మదగినతనము అని ఒక ప్రత్యేకమైన గడి యుండెను. పని ఎంత బాగుగా వచ్చినను ఆ గడిలో మార్కు లేనిచో లోపము లోపమే. సరిగా గమనింపకుండ చెప్పిన మాటవలన కలుగు హాని అబద్ధమువలన కలుగు హానికి తీసిపోదని ఆమె భావము.

ఇక తప్పు జరిగినప్పటి సంగతి. మనుష్యులు చేయు పనిలో తప్పు దొరలక మానదు. నర్సు విద్యలో నిజాయితీకి అసలైన పరీక్ష ఇక్కడనే వచ్చును. మన దేశములో మధుమేహమునకిచ్చు ఇన్సులిన్ సాధారణముగా రెండు విధముల బలముతో దొరకును. ఒకదానిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, మఱియొకదానిలో 100 యూనిట్లు. దేనికి తగిన సిరంజి దానికి కలదు. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో తీసినచో, 10వ గీత వఱకు తీసిన మందులో నిజముగా నుండునది 25 యూనిట్లు. ఒక విద్యార్థిని తొందరలో అట్లు ఇచ్చినదనుకొందము. అయిదు నిమిషముల తరువాత సీసామీది చీటి చూచి గుండె జల్లుమన్నది. ఇప్పుడు ఆమెయెదుట రెండు దారులు కలవు.

వెంటనే వెళ్ళి సిస్టరుతో చెప్పినచో రోగి రక్తములోని చక్కెరను పదేపదే చూచెదరు, గ్లూకోజు ఇచ్చెదరు, రాత్రియంతయు కనిపెట్టియుందురు. రోగి తేఱుకొనుటకు మంచి అవకాశము కలదు. చెప్పక ఊరకున్నచో, ఆ రోగి నిద్రపోవుచున్నాడని అందఱును అనుకొనుచుండగనే స్పృహ తప్పవచ్చును. తప్పు రెండింటను ఒకటే. నిజము చెప్పినచోట ఆ నిజమే మొదటి మందు అయినది.

సగము నిజము చెప్పుటయు కలదు. కురుక్షేత్రములో ధర్మరాజు అశ్వత్థామ మరణించెనని బిగ్గఱగా పలికి, అది ఏనుగు అను మాటను మాత్రము ద్రోణునికి వినబడకుండ పలికెను. అంతవఱకు నేలను తాకక నడచిన అతని రథము ఆనాడు నేలమీదికి దిగినదని భారతకథ. ఇన్సులిన్ ఇచ్చితినని వ్రాసి, ఎంత ఇచ్చితినో మఱుగుపఱచుట ఆ కోవలోనిదే. రక్తము ఎక్కించుటకు ముందు సంచిమీది గుర్తులను, రోగి వివరములను ఇద్దఱు చూచి ఇద్దఱును సంతకము చేయవలెనను పద్ధతి కలదు. మొదటివారిమీది నమ్మకముతో రెండవవారు చూడకయే సంతకము పెట్టుట కూడ అట్టిదే. అది స్నేహధర్మముగా కనబడును. కాని ఆ రెండవ సంతకము స్నేహితురాలికొఱకు ఏర్పడినది కాదు, రోగికొఱకు ఏర్పడినది.

అయితే నిజము చెప్పిన పిల్లను నలుగురిలో నిలువబెట్టి తిట్టి, ఇంటికి జాబు వ్రాసి, పరీక్షకు పంపమని బెదరించు చోట మఱునాడు ఎవరు నోరు తెఱతురు? దండనభయము తప్పులను తగ్గించునని పెద్దలు తలంతురు. తఱచుగా అది తప్పుల వార్తలను మాత్రమే తగ్గించును. పొరపాటునకు ఒక కొలత, దాచుటకు వేఱొక కొలత ఉండవలెను. పొరపాటు చేసి చెప్పినవారికి మరల నేర్పవలెను. తెలిసి దాచినవారిని, చేయని పనిని వ్రాసినవారిని ఉపేక్షింపరాదు. ఈ భేదమును చేరిన మొదటి వారములోనే విద్యార్థినులకు స్పష్టముగా చెప్పియుంచుట పాఠశాలల విధి.

అంతకంటె సులభమైన సంస్కారమొకటి కలదు. చార్టులో ఖాళీగా నున్న గడిని చూచి కోపగించుట మానవలెను. శ్వాస లెక్కించుటకు తీరిక లేకపోయినచో 'చూడలేదు' అని వ్రాయుటకు ఆ పిల్లకు ధైర్యమియ్యవలెను. చూడలేదని వ్రాసియున్న గడిని గమనించిన డాక్టరు తానైనను చూచును, మఱియొకరినైనను చూడుమనును. 18 అని వ్రాసియున్న గడిని ఎవరును మరల చూడరు. అట్లే పది కాన్పులే చేసినచో పుస్తకములో పదియే చూపవలెను. తక్కినవి చేయించుటకు దారి వెదకుట పాఠశాల పని, వ్రాయించుట కాదు.

ఈనాటి విద్యార్థినులకు మఱియొక వశీకరణము వచ్చినది. రోగి జబ్బు పేరు చెప్పినచో సేవాప్రణాళిక యంతయు క్షణములో వ్రాసియిచ్చు సాధనములు ఫోనులోనే ఉన్నవి. అర్థము కాని పాఠమును తెలిసికొనుటకు వానిని వాడుకొనుటలో దోషమున్నదని మేము అనము. కాని ఆ యంత్రము రోగిని చూచియుండలేదు. మూడవ పడకలోని వృద్ధుడు రాత్రి రెండుసార్లు లేచి కూర్చుండినది దానికి తెలియదు. అతని పాదములు నిన్నటికంటె ఎక్కువగా వాచినవని దానికి తెలియదు. అది చక్కగా వ్రాయును. చూచునది మాత్రము విద్యార్థినియే.

మన దేశములో నర్సు విద్యను క్రమబద్ధము చేయుటకు 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టము వచ్చినది. దాని స్థానములో క్రొత్త కమిషను ఏర్పఱచుటకు పార్లమెంటు 2023లో మఱియొక చట్టము చేసినది. చట్టములు కావలసినవే. అవి పాఠశాలను పరీక్షింపగలవు, పట్టాను పరీక్షింపగలవు. రాత్రి రెండు గంటలవేళ, ఎవరును చూడని చోట, ఆ పిల్ల గడియారము చేతబట్టి నిమిషము నిలిచినదో లేదో ఏ చట్టమును చూడజాలదు.

అందుచేత ఈ ప్రసంగము వినుచున్న గృహస్థులకు మా విన్నపమొకటి. మీ ఇంటినుండి గాని, మీ వీధినుండి గాని నర్సు చదువునకు వెళ్ళిన పిల్ల సెలవులకు వచ్చినపుడు, మార్కులెన్ని అని మాత్రమే అడుగకుడు. ఈ నెలలో ఎందఱి కట్లు మార్చితివి, ఏ రోగి నీకు జ్ఞాపకమున్నాడు, ఏ పని నీకింకను రాలేదు అని అడుగుడు. రాని పనిని రాలేదని మీ యెదుట చెప్పగలిగిన పిల్ల వార్డులోను చెప్పగలుగును. ఇంట రికార్డు వ్రాయుటకు అన్నదమ్ములు సాయపడుట మన యిండ్లలో ప్రేమకు గుర్తుగా సాగుచున్నది. బొమ్మ గీసి యిచ్చినచో ఈయవచ్చును గాని, ఆమె చూడని రోగిని మాత్రము ఆమె పుస్తకములోనికి ఎక్కింపకుడు.

మనలో ప్రతివారమును ఏదో ఒకనాడు ఆ మంచముమీద పరుండవలసినవారమే. ఆనాడు మన శ్వాసను మనము లెక్కించుకొనలేము. వేఱొకరు లెక్కించి, ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను.